నవలకూ ముగ్గు పోయాలి

ఇల్లు కట్టదలచినవాడు ముందుగా మేస్త్రీని పిలిపిస్తాడు. నాలుగు మూలలా గుంజలు పాతించి, తాడు లాగించి, సున్నంతో ముగ్గు పోయిస్తాడు. ఆ తరువాతనే గడ్డపార నేలకు తగులుతుంది. నవల రాయబూనినవారిలో చాలామంది మాత్రం ఈ పని పెట్టుకోరు. తెల్లకాగితం ముందు కూర్చుని తిన్నగా మొదటి వాక్యం రాసేస్తారు. నాలుగైదు ప్రకరణాలు చకచకా సాగుతాయి. ఆరో ప్రకరణం వచ్చేసరికి నాయకుణ్ణి ఏ ఊరికి పంపాలో, నాయిక చేత ఏ మాట అనిపించాలో తోచదు. అక్కడితో ఆ నోటుపుస్తకం అటకెక్కుతుంది. వరంగల్, హనుమకొండలలో ఇటువంటి సగం నవలలు ఎన్ని ఇళ్ల అటకల మీద చెదలకు ఆహారమైనవో లెక్క తీసినవారు లేరు.

ముగ్గు పోయడమంటే కథలోని ప్రతి సంఘటననూ ముందే రాసిపెట్టుకోవాలని అర్థం చెప్పనక్కరలేదు. ఏ గదిలో ఎవరు పడుకోవాలన్నది ఇల్లు లేచిన తరువాత చూసుకోవచ్చును. కథ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలి, ఎవరి కళ్లతో నడవాలి అన్నవి మాత్రం ముందే తేలాలి. ఈ ప్రాంతపు నవలల్లో పేరు నిలిచిన వాటిని తిరగవేస్తే, ఈ హద్దులు ఎంత గట్టిగా పడినవో పుట పుటలోనూ కనిపిస్తుంది. అందులో ఒక పథకం కథ మరీ విచిత్రమైనది. దానిని వేసినవారు ఒకరు, నెరవేర్చినవారు మరొకరు.

సంకల్పం ఒకరిది, కలం మరొకరిది

కీర్తిశేషులు వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లా నకిరేకల్లు సమీపంలోని ఒక పల్లెలో పుట్టారు. చిన్ననాట ఇళ్లలో వంటపని చేసి, హోటలులో పనిచేసి, ఆ పైన అచ్చుపని నేర్చి, 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. పుస్తకాల సంచి భుజాన వేసుకొని ఊరూరా తిరిగి అమ్మిన ప్రచురణకర్త ఆయన. ఆంధ్ర మహాసభ, గ్రంథాలయోద్యమం, కమ్యూనిస్టు ఉద్యమం, జైలు, ఇవన్నీ ఆయన చూశారు. చూసినదంతా ఒక్క నవలలో ఇమడదని గ్రహించి, తెలంగాణ ప్రజల జీవితాన్ని కాలక్రమంలో వరుస నవలలుగా రాయాలని సంకల్పించారు.

ఆ వరుసలో మొదటిది ‘ప్రజల మనిషి’. దిమ్మెగూడెం అనే పల్లె, అక్కడి దేశ్‌ముఖ్, ఆ పెత్తనాన్ని ఎదిరించిన కంఠీరవం అనే యువకుడు. నిజాం పాలనలో సామాన్యుడు నోరు విప్పడం నేర్చుకున్న రోజుల కథ అది. తరువాతి ఘట్టానికి ‘గంగు’ అని పేరు పెట్టుకొని మొదలు పెట్టారు. అది పూర్తి కాలేదు. 1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామి కన్నుమూశారు. వయస్సు నలభై అయిదు మాత్రమే. రాసినంత వరకు ‘గంగు’ ఆయన పోయిన తరువాత అచ్చయినది.

ఇటువంటి సందర్భాలలో పథకం కూడా రచయితతోనే పోవడం లోకంలో మామూలు. ఇంగ్లీషు నవలాకారుడు డికెన్సు నెలనెలా భాగాలుగా అచ్చయ్యే నవలలు రాసేవాడు. ప్రతి భాగానికీ ఒక కాగితం మడిచి, ఎడమవైపున తన సందేహాలు, కుడివైపున ప్రకరణాల వరుస రాసుకునేవాడు. అంత జాగ్రత్తపరుడూ 1870లో తన ఆఖరి నవల ‘ఎడ్విన్ డ్రూడ్’ సగంలో ఉండగా మరణించాడు. పన్నెండు భాగాలు అనుకుంటే ఆరు మాత్రమే పూర్తయినవి. అందులోని యువకుడు ఏమైపోయాడో, హత్యే జరిగితే చేసినదెవరో తేలక పాఠకులు నేటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు.

ఆళ్వారుస్వామి సంకల్పానికి ఆ గతి పట్టలేదు. దానిని చేతిలోకి తీసుకున్నవారు దాశరథి రంగాచార్య. 1928లో నాటి వరంగల్ జిల్లా చినగూడూరులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. మహాకవి దాశరథి కృష్ణమాచార్యకు తమ్ముడు, సాయుధ పోరాటంలో పాల్గొన్నవారు. మిత్రుడు విడిచివెళ్లిన పనిని పూర్తిచేయడం తన బాధ్యతగా భావించి నవలారచనకు పూనుకున్నారు.

ఒకరు మొదలుపెట్టిన కావ్యాన్ని మరొకరు పూర్తిచేయడం తెలుగువారికి కొత్త కాదు. మన బమ్మెర పోతన భాగవతంలోనే కొన్ని స్కంధాలను గంగన, సింగన, నారయ పూరించారు. అయితే వారి ముందు సంస్కృత మూలం ఉన్నది. తరువాత ఏమి జరుగుతుందో వ్యాసుడు చెప్పి ఉంచాడు. రంగాచార్య ముందు అటువంటి మూలమేదీ లేదు. ఉన్నదల్లా ఒక పథకం, తాను బతికి చూసిన కాలం.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పోరాటాన్ని చూసినవాడు సహజంగా పోరాటంతోనే మొదలుపెడతాడు. తుపాకీ పేలితే పాఠకుడు పుట తిప్పుతాడు. రంగాచార్య అలా చేయలేదు. ‘చిల్లర దేవుళ్లు’లో పోరాటానికి ముందటి గడీని చూపించారు. దొర నోట వచ్చిన మాటే శాసనంగా చెల్లిన రోజులు, వెట్టి, దొర కూతురు అత్తవారింటికి వెళ్లేటప్పుడు ఆమె వెంట పంపే ‘ఆడబాప’ల బతుకు. తుపాకీ ఎందుకు పట్టవలసి వచ్చినదో ముందు అర్థమైతే తప్ప, పట్టిన తరువాతి కథకు బలం రాదని వారి లెక్క.

రష్యను రచయిత టాల్‌స్టాయికీ ఈ చిక్కే ఎదురైనది. సైబీరియా ప్రవాసం నుంచి 1856లో తిరిగివచ్చిన ఒక తిరుగుబాటుదారు కథ రాద్దామని ఆయన కూర్చున్నాడు. ఆ మనిషి అర్థం కావాలంటే 1825 నాటి తిరుగుబాటు చెప్పాలి. అది చెప్పాలంటే అతని యౌవనం, 1812 నాటి నెపోలియను దండయాత్ర చెప్పాలి. అక్కడి గెలుపు ఒక్కటే చెబితే బాగుండదని అంతకు ముందటి ఓటమికి, 1805కు వెళ్లాడు. చివరకు ‘యుద్ధము - శాంతి’ 1805లో మొదలైనది. మొదట అనుకున్న 1856కు కథ చేరనే లేదు. కథకు మొదలు వెతకడమంటే కారణాన్ని వెతుకుతూ వెనక్కు నడవడమే. ఎక్కడ ఆగాలో తెలియకపోతే ఆదిమానవుడి దాకా పోవలసివస్తుంది!

ఇక ఎవరి కళ్లతో చూపాలన్న సంగతి. ‘చిల్లర దేవుళ్లు’లోకి బతుకుతెరువు వెతుక్కుంటూ ఆంధ్ర ప్రాంతం నుంచి సారంగపాణి అనే సంగీత విద్వాంసుడు వస్తాడు. గడీ అంటే ఏమిటో, దొర ముందు ఎట్లా నిలబడాలో అతనికి తెలియదు. అతనికి తెలియనిదంతా ఊరివారు అతనికి చెప్పాలి. ఆ చెప్పడంలో పాఠకునికీ తెలిసిపోతుంది. పుట్టినప్పటి నుంచి వెట్టి చేస్తున్నవాని కళ్లతో కథ నడిపితే ఇవన్నీ అతనికి నిత్యకృత్యాలు. వివరించడానికి రచయిత స్వయంగా మధ్యలోకి రావలసివస్తుంది. పైగా అచ్చ తెలంగాణ పలుకుబడిని పాత్రల నోట వినిపించడానికీ ఈ పొరుగువాడు పనికివచ్చాడు. అతని మాట పక్కన ఊరివారి మాట పెడితే రెండింటి తేడా వేరే చెప్పనక్కరలేకుండా తెలుస్తుంది. ఆ నవల ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందినది. చలనచిత్రంగానూ వచ్చినది.

తరువాత ‘మోదుగుపూలు’ పోరాటపు రోజులకు, ‘జనపదం’ పోలీసు చర్య తరువాతి పల్లెకు నడిచినవి. 1948 సెప్టెంబరు 13న మొదలై అయిదు రోజులలో ముగిసిన సైనిక చర్యతో నిజాం ప్రభుత్వం పోయినది. గడీ పోయినదా, వేషం మార్చుకున్నదా అన్న ప్రశ్న మిగిలినది. వరుస నవలల పథకంలో గల లాభం అదే. మొదటి నవలలో వేసిన ప్రశ్నకు మూడో నవలలో మరో తరం జవాబు వెతుక్కుంటుంది.

ఈ రకం పథకంలో ఒక ప్రమాదమూ ఉన్నది. తేదీలు ముందే గోడకు మేకుల్లా దిగి ఉంటాయి. రచయిత ఏమరితే పాత్రలు ఆ మేకులకు తగిలించిన అంగీలవుతాయి. సభ జరగాలి కనుక నాయకుడు సభకు పోతాడు, కాల్పులు జరగాలి కనుక అక్కడే ఉంటాడు. చరిత్ర తెలిసిన పాఠకుడు ఈ ఎత్తును ఇట్టే పసిగడతాడు. తెలంగాణ పోరాటం మీద వచ్చిన నవలల్లో పాఠకుల మనసున నిలవకుండా పోయినవి ఎక్కువగా ఈ కారణం చేతనే పోయినవి. పరకాలలో 1947 సెప్టెంబరు 2న జెండా ఎగురవేయబోయినవారిపై కాల్పులు జరిగినవన్నది చరిత్ర. ఆ రోజు పొద్దున ఒక పాత్ర ఇంట్లో ఎవరితో తగవు పడి బయలుదేరినదన్నది నవల. పథకంలో రెండో దానికీ చోటు ఉంచుకోవాలి.

పదహారు గంటల నవల

హద్దు ఎంత చిన్నదైతే పథకం అంత సులువని అనుకుంటే పొరపాటు. శ్రీ అంపశయ్య నవీన్ అసలు పేరు దొంగరి మల్లయ్య. 1941లో పాలకుర్తి దగ్గరి వావిలాలలో పుట్టి, అర్థశాస్త్ర అధ్యాపకులుగా పనిచేసి, హనుమకొండలో స్థిరపడ్డారు. 1965-68 మధ్య రాసి 1969లో వెలువరించిన తొలి నవల ‘అంపశయ్య’ వారి ఇంటిపేరే అయి కూర్చున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రవి అనే పేద పల్లెటూరి విద్యార్థి జీవితంలో ఒకే ఒక రోజు, సుమారు పదహారు గంటలు. కథాకాలమంతా అంతే.

ఈ పద్ధతికి మూలపురుషుడనదగిన జేమ్స్ జాయిస్ 1922లో వెలువడిన ‘యులిసిస్’లో డబ్లిను నగరంలో 1904 జూన్ 16 అనే ఒక్క రోజును పద్దెనిమిది ఘట్టాలుగా చెప్పాడు. చదివినవారు అయోమయంలో పడుతుంటే, తాను వేసుకున్న పట్టికను మిత్రులకు చూపించవలసివచ్చినది. ఏ ఘట్టం ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏ రంగు, శరీరంలో ఏ అవయవం అని గళ్లు గీసి నింపిన పట్టిక అది. తలచినదల్లా రాసుకుపోయినట్టు కనిపించే పుస్తకం వెనుక పట్వారీ పహాణీ వంటి లెక్క ఉన్నదని అప్పుడు లోకానికి తెలిసినది.

ఒక్క రోజు నవలలో గడియారం ముందుకు పోతుంటుంది, మనసు వెనక్కు పోతుంటుంది. రవి మంచం మీద నుంచి లేవడానికి పట్టేది నిమిషం. ఆ నిమిషంలో అతని తలలో ఊరు, ఇల్లు, అప్పులు, పరీక్షలు, అమ్మాయిలు అన్నీ తిరుగుతాయి. ఏ గంటకు ఏ జ్ఞాపకం రావాలో రచయితకు ముందే తెలియాలి. పొద్దున్నే అన్నీ చెప్పేస్తే సాయంత్రానికి మిగిలేదేమీ ఉండదు. అసలు సంగతి రాత్రి దాకా దాచితే మధ్యాహ్నానికే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. చైతన్యస్రవంతి అని పేరు పడినా, ఆ స్రవంతికి కాలువ తవ్వి గట్లు వేసిన తరువాతనే నీరు వదలాలి.

ఇదే కలం తరువాతి కాలంలో రెండో కొసకు వెళ్లినది. ‘కాలరేఖలు’తో మొదలైన మూడు నవలల వరుస 1944 ప్రాంతం నుంచి సుమారు అర్ధ శతాబ్దపు తెలంగాణ జీవితాన్ని పట్టుకున్నది. ‘కాలరేఖలు’కు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. పదహారు గంటలకు ఒక నవల పట్టిన చోట, యాభై ఏళ్లకు మూడు నవలలు సరిపోయినవి. ఎంత రాయాలన్నది కాలం పొడవును బట్టి తేలదన్నమాట.

ముగ్గు లేని మేడ

‘విశ్వనాథ సత్యనారాయణ ఏ పథకం వేసుకున్నారు?’ అని ఎవరైనా అడగవచ్చును. ‘వేయిపడగలు’ను ఆయన 29 రోజులలో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసుకున్నారన్నది ప్రసిద్ధం.  నాటి ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతిని అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి పంచుకున్న నవల అది. మన లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు దానిని ‘సహస్రఫణ్’ పేరిట హిందీలోకి తెచ్చారు.

కాగితం మీద ముగ్గు లేని మాట నిజం. అయితే ఆ కథ ఒక కోట, ఒక గుడి, ఒక వంశం చుట్టూ బిగించి తిరుగుతుంది. సుబ్బన్నపేట మేలుకీళ్లు ఆ వేయి పడగలతోనే ముడిపడి ఉంటాయి. అటువంటి బిగువు 29 రోజులలో పుట్టదు. ఏళ్ల తరబడి మనసులో పండినది నోట వచ్చి ఉండాలి. కొత్త రచయితలు 29 రోజుల సంగతి మాత్రం జ్ఞాపకం పెట్టుకొని, దాని వెనుకటి ఏళ్లను మరిచిపోతుంటారు.

అడివి బాపిరాజు మరో రకం చిక్కును ఎదుర్కొన్నారు. హైదరాబాదులో ‘మీజాన్’ పత్రికకు సంపాదకులుగా ఉన్న కాలానికి చెందిన ‘గోన గన్నారెడ్డి’ ఓరుగల్లు రుద్రమదేవి కథ. గోన గన్నయరెడ్డిని గురించి చరిత్ర చెప్పేది కొద్ది. ఆయన సేనాని విఠలుడు 1294లో రాయచూరు కోట కట్టించినట్టు అక్కడి శిలాశాసనం చెబుతున్నది. అప్పటికి రుద్రమ లేదు, ప్రతాపరుద్రుడు ఏలుతున్నాడు. కోట రాతి మీద ఉన్నదింత, నవల అంత! రెండు మేకుల నడుమ తాడు కట్టి బట్టలన్నీ ఆరవేసిన నేర్పు బాపిరాజుది. రుద్రమ ఎప్పుడు, ఎట్లా మరణించినదో ఆయనకు తెలిసే అవకాశం లేదు. 1289 నవంబరు నాటికి ఆమె శివసాయుజ్యం పొందినట్టు తెలిపే చందుపట్ల శాసనం, 1952లో బాపిరాజు పోయిన తరువాతనే వెలుగులోకి వచ్చినది. నేడు రుద్రమపై నవల రాయబూనినవారికి ముగింపు దొరికినది కాని, బాపిరాజుకు ఉన్న స్వేచ్ఛ లేదు.

ఇప్పుడు రాయదలచినవారికి

ఈ ప్రాంతపు గత వందేళ్ల మీద నవల రాయాలంటే కల్పన కన్న ముందు కొన్ని లెక్కలు సరిచూసుకోవలసి ఉన్నది. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు ఫసలీ సంవత్సరాలలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడు మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఏడు మొదలయ్యేది అక్టోబరులో కనుక, సెప్టెంబరు నాటి పోలీసు చర్య ఫసలీ 1357లోనే పడుతుంది. పాత్రల చేతిలో ఆడేది హాలీ సిక్కా, బ్రిటిషు రూపాయి కాదు. దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న నేలకొరిగిన కడవెండి నాడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోది. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలో భాగం. 2016లో జిల్లాలు మళ్లీ చీలినవి. పాత్ర కచేరీ పనికి ఏ ఊరు పోవాలో ఇవి తెలియకుండా రాస్తే, పాత పాఠకుడు మొదటి ప్రకరణంలోనే పట్టుకుంటాడు. అజంజాహి మిల్లు 1934లో వెలసినది. అంతకు ముందే ఒక పల్లె యువకుణ్ణి ఆ మిల్లు కూలికి పంపిన నవలకు ఎంత భాష ఉండి ఏమి లాభం?

ఈ లెక్కలైనా గ్రంథాలయాలలో దొరుకుతాయి. 1904లో స్థాపితమైన హనుమకొండ శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటివి ఉన్నవి. దొరకనిది మనుషుల జ్ఞాపకం. గడీలో దివిటీ పట్టినవాడు రాత్రిపూట ఎక్కడ పడుకునేవాడు, అజ్ఞాతంలో ఉన్నవారికి అన్నం మూట ఏ తోవన పోయేది, రజాకార్లు వస్తున్నారంటే ఊరు ఏ చప్పుడుతో మేల్కొనేది, ఇవి ఏ దస్త్రంలోనూ లేవు. 1948లో పదిహేనేళ్లున్నవారికి ఇప్పుడు తొంభై దాటినవి. నవల పదేళ్ల తరువాత రాసినా ఫరవాలేదు. వారిని అడగవలసిన ప్రశ్నల చిట్టా మాత్రం ఈ ఏడే రాసుకోవాలి. ప్రశ్నలు తేలాలంటే కథ హద్దులు ముందు తేలాలి. ఏమీ అనుకోకుండా ముసలివారి దగ్గరకు వెళ్లి ‘ఆ రోజుల సంగతులు చెప్పండి’ అంటే, వారూ పదిమందికి చెప్పిన నాలుగు మాటలే మళ్లీ చెబుతారు. దివిటీ సంగతి అడిగితేనే దివిటీ సంగతి వస్తుంది.

అమెరికను రచయిత ఫాక్‌నర్ 1954లో వెలువడిన తన ఒక నవలకు వారం రోజుల పథకాన్ని రాతగది గోడల మీదనే రాసుకున్నాడు. ఆ ఇల్లు మ్యూజియమైన తరువాతా ఆ రాతలు చెక్కుచెదరలేదు. మన ఇళ్లలో అద్దె గోడల మీద అంత సాహసం కుదరదు కాబట్టి పొడుగాటి చిట్టాపుస్తకం చాలును. ఎడమ అంచున సంవత్సరాలు, పైన పాత్రల పేర్లు, గళ్లలో వారి వయస్సు. ఇంత చిన్న పట్టికే కథను మలుపు తిప్పగలదు. ఫసలీ 1335లో పుట్టిన పాత్రకు పోలీసు చర్య నాటికి ఇరవై రెండు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నాటికి ముప్ఫై. 1969లో వరంగల్ వీధులలో విద్యార్థుల ఊరేగింపు సాగేనాటికి నలభై రెండో, నలభై మూడో. ఆ ఊరేగింపులో అతడు నడుస్తాడా, అందులో నడుస్తున్న కొడుకును గుమ్మంలో నిలబడి వెతుక్కుంటాడా అన్నది అక్కడ తేల్చుకొని, ఆ తరువాత మొదటి వాక్యం మొదలుపెట్టవచ్చును.